బేరమాడకుండా తీసుకున్న నేల

ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీదికి ముఖం ఉన్న బట్టల దుకాణంలో నా వాటా వదులుకుని, నాంపల్లి గల్లీలో ఒక బడి వెనక పెరడు తీసుకున్నవాణ్ణి నేను. ఈ సంగతి తల దించుకుని చెప్పాలని మావాళ్ళ ఉద్దేశం. తాతల కాలంలో తమ ఇంట్లో ఏనుగు ఉండేదని కొందరు చెప్పుకుంటారు చూడండి, నేను అలా చెప్పుకుంటాను. మా వర్తకుల ఇళ్ళలో పిల్లలకు లోకజ్ఞానం నేర్పేటప్పుడు ఇప్పటికీ నన్ను ఉదాహరణగా చూపిస్తారట. పాలు వదులుకున్నందుకు కూడా కాదు, అవతలివాడు చెప్పిన మొదటి రేటుకే తలూపినందుకు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా నాలుగడుగులు వెళ్ళిపోయినట్టు నటించి వెనక్కి పిలిపించుకునేవాణ్ణి నేను. సైకిల్ రిక్షా ఎక్కేముందు లక్డీకాపూల్ దూరమెంతో రిక్షావాడికే పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, జన్మలో అతి పెద్ద బేరం ఒక్క మాటతో ముగించాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక గొయ్యి. మొన్న వానాకాలంలో నాంపల్లి స్టేషన్ వైపునుంచి నడిచి వస్తుంటే, ఒక పాత మేడ పడగొట్టి సెల్లార్ కోసం తవ్వుతున్నారు. అడ్డంగా కట్టిన రేకుల సందులోంచి తొంగి చూశాను. పైన గాజు పెంకులూ ఇటుక ముక్కలూ కలిసిన నల్లటి పొర, దాని కింద ఎర్రమన్ను, ఇంకా కింద మరింత ఎరుపెక్కి బిగిసిన మన్ను, ఆ తరువాత మొరం, అడుగున రాయి. మా బడి పిల్లలు ఏటా గీసిన బొమ్మే గోడంత ఎత్తున నిలబడి ఉంది. అక్కడ పని చూస్తున్న కుర్రవాడు వచ్చి, "తాతా, జర దూరం జరుగు, అంచు ఇరుగుతది" అన్నాడు. పై మన్ను ఎక్కడికి పంపుతున్నారని అడిగాను. మన్నే కదా, లారీ ఎటు పోతే అటు పోతుందన్నాడు. ఆ జానెడు పొర తయారు కావడానికి ఎన్ని తరాల ఆకులు రాలి కుళ్ళాలో అతనికి వివరించడం మొదలుపెట్టాను. అతను ఓపికగానే విని, "నువ్వేం పని చేస్తుండె తాతా?" అన్నాడు. మన్ను పంతుల్నని చెప్పాను. నవ్వాడు. ఆ పేరు పెట్టిన మా అన్న కూడా సరిగ్గా అలాగే నవ్వేవాడు.

మా దుకాణం వాసన గంజి వాసన. మిల్లునుంచి వచ్చిన కొత్త తాను విప్పగానే ముక్కుకు తగిలే ఆ వాసన, దానిమీద నాఫ్తలీన్ గోళీల ఘాటు, దీపాలు పెట్టేవేళ నాయిన తిప్పే సాంబ్రాణి పొగ, ఈ మూడూ కలిసి మా చొక్కాల్లోకీ చివరికి మేం తినే అన్నంలోకీ దిగేవి. నాయిన తెల్ల పరుపు మీద గల్లాపెట్టె పక్కన కూర్చుని, కళ్ళతో కాక బొటనవేలితో బట్ట చూసేవాడు. వేళ్ళ మధ్య కాస్త నలిపితే, గంజి ఎంతో నూలు ఎంతో చెప్పేసేవాడు. మాకు అక్షరాలకంటే ముందు అదే నేర్పాడు. గిరాకీకి ధర చెప్పాక ఆయన వాళ్ళ ముఖం చూసేవాడు కాదు. చొక్కా చేతిమీద లేని నూలుపోగు ఏదో ఉన్నట్టు దులుపుకుంటూ కూర్చునేవాడు. అవతలివాళ్ళు తక్కువకు అడిగేదాకా ఆ దులపడం ఆగేది కాదు. ఇంట్లోనూ ఇదే తంతు. జామపండు తెచ్చి చేతిలో దాచుకుని, ఎంతకిస్తావు అంటే ఎంతకిస్తావు అని మాతో బేరం పెట్టేవాడు. ఎక్కం అప్పజెప్తానంటే ఇంకో ఎక్కం కలపమనేవాడు, కాళ్ళు పిసుకుతానంటే ఏ కాలు అని అడిగేవాడు. మా ఇంట్లో ముద్దుచేయడం అంటే అదే. అమ్మ మాత్రం గడప అలకడానికి ఎర్రమన్ను తెచ్చే ఆమెతో నిజంగానే పోట్లాడేది. తట్టలో చెయ్యి పెట్టి, పిడికిట బిగించి వదిలి, ముద్ద విడిపోతే అందులో ఇసుక కలిసిందని వెనక్కి పంపించేది. పొద్దున్నే తడి గడప వాసన, సాయంత్రం గంజి వాసన. మధ్యలో మేం పెరిగాం.

మా మాటల్లో గజం అంటే ప్రాణం. ప్రభుత్వం మీటర్లు తెచ్చినప్పుడు నాయిన ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నాడు. బట్ట మీటర్లలోకి పోయింది. భూమి మాత్రం ఈ ఊళ్ళో గజాల్లోనే ఉండిపోయింది, ఇప్పటికీ అంతే. దాంతో పాత ఇనుప గజం కర్ర దుకాణంలో పని లేకుండా మూలకు చేరింది కానీ, మావాళ్ళ బుర్రలోంచి పోలేదు. భూమి చూసినా బట్టే కనిపించేది వాళ్ళకు. పొడుగెంత, పన్నా ఎంత, రోడ్డు మీదికి అంచు ఎంత, అంతే. లోతు ఎవరూ అడిగేవారు కాదు. బట్టకు లోతుండదు మరి.

నాంపల్లి గల్లీలో మా తాతది ఒక పెంకుటిల్లు ఉండేది. దాన్ని నాయిన ఒక బడికి కిరాయికిచ్చాడు. నేను సైన్సు చదివి పట్టా తెచ్చుకున్నాక, ఆ బళ్ళో నాకు ఉద్యోగం వచ్చింది. నా తెలివికి ముగ్ధులై ఇచ్చారని చాలాకాలం నమ్మాను. నాయిన కిరాయి కొంచెం తగ్గించడానికి ఒప్పుకున్నాడనీ, దానికి బదులు నన్ను తీసుకున్నారనీ తరువాత తెలిసింది. అంటే నేను కూడా బేరంలో కొసరుగా వెళ్ళినవాణ్ణే. హెడ్మాస్టరు రామబ్రహ్మం గారు గుంటూరు వైపునుంచి, రెండు రాష్ట్రాలు కలిసిన కొత్తలో వచ్చినవారు. మంచివారు, కానీ పుస్తకంలో లేనిది లోకంలో లేదనుకునే మనిషి. నాకు నేలలూ వాటి వాడకమూ పాఠం అప్పగించారు. పుస్తకంలో నల్లరేగడి, ఒండ్రు, ఇసుక నేల అని వరసగా ఉన్నాయి. పిల్లలు వాటిని ఎక్కంలాగా అప్పజెప్పేవాళ్ళు. వాళ్ళ కాళ్ళకింద ఉన్న నేల ఏదో అడిగితే మాత్రం పుస్తకం తిరగేసేవాళ్ళు.

నాకు తెలిసిన చదువు ఒక్కటే కాబట్టి, అదే చెప్పాను. పెరట్లోకి తీసుకెళ్ళి, మన్నును తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బనులా జరపమన్నాను. ఎంత పొడుగు సాగితే అంత బంక ఉన్నట్టు. పుటుక్కున తెగితే ఇసుక ఎక్కువ. పిప్పర్మెంట్ల గాజు సీసాలో మన్నూ నీళ్ళూ పోసి ఊపి, కిటికీలో పెట్టేవాళ్ళం. మర్నాటికి అడుగున ఇసుక, దానిమీద ఒండ్రు, పైన బంకమన్ను విడివిడిగా కూర్చునేవి. అమ్మేవాడు పై మడత చూపిస్తాడు, కొనేవాడు అడుగు మడత విప్పించుకుంటాడు, మీరు కొనేవాళ్ళలా చూడండి అని చెప్పి, ఏటా ఒక మూల గొయ్యి తవ్వించేవాణ్ణి. చూశాక ఏ పొర ఆ పొరే మళ్ళీ పూడ్చాలి. పై మన్ను కిందికి పోతే మార్కులు లేవు. మా బడి పిల్లల్లో చాలామంది దుకాణాల పిల్లలే. తూకంలో, కొలతలో తప్పు చేస్తే ఏమవుతుందో వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఒక ఏడాది పరీక్షలో సుగుణ అనే అమ్మాయి, బడి పెరడులోది చెల్క నేల అని రాసింది. బేగం బజార్లో వాళ్ళ నాన్నకు పప్పుల దుకాణం; మాటకు మాట తూచి ఇచ్చే పిల్ల. ఇసుకపాలు ఎక్కువున్న మా ఎర్రనేలను ఇక్కడ అందరూ చెల్క అనే అంటారు. హెడ్మాస్టరు గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. నేను ఆయన్ను పెరట్లోకి తీసుకెళ్ళి గుప్పెడు మన్ను చేతిలో పోశాను. ఆయన వేళ్ళతో నలిపి చూసి, "దీన్ని మా వైపు గరువు అంటారండీ" అన్నారు. "గరువు పుస్తకంలో ఉందా అండీ?" అన్నాను. కాసేపు చెయ్యి దులుపుకున్నారు. లోపలికి వెళ్ళి సుగుణకు మార్కు వేసి, పక్కన తన చేత్తో గరువు అని కూడా రాసుకున్నారు. ఆ రోజునుంచి ఆయన నా పక్షం. అప్పుడప్పుడు తరగతి చివర నిలబడి, పిల్లలతోపాటు తనూ రిబ్బను సాగదీసేవారు.

నేల గురించి చెప్పడం మొదలుపెడితే, దానిమీద మనం ఏం చేస్తున్నామో చెప్పకుండా ఆగడం కుదరదు. మీ ఇంటి కప్పుమీద పడ్డ వాన ఎటు పోతోందో చూసి రండి అని పని పెట్టాను. పిల్లలు వానలో గొడుగులు పట్టుకుని వీధుల వెంట నీళ్ళ వెనక నడిచారు. ఎవరి బట్టలుతికిన నీళ్ళు ఎవరి గడపలోకి పోతున్నాయో, ఎవరు పెరడంతా షాబాదు బండలు పరిచి పక్కింటిని ముంచుతున్నారో, కూపీ లాగినట్టు లాగి వచ్చారు. తల్లిదండ్రులు బడికి వచ్చి గొడవ చేశారు. ఒకాయన, మా ఇంటి మోరీ సంగతి మీ సిలబస్సులో ఉందా అని అడిగాడు. ఉందన్నాను. లేకపోయినా అలాగే అనేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే దుకాణం పెరిగింది. మూటలు పెట్టడానికి చోటు చాలలేదు. పెరడంతా సిమెంటు చేసి, బావి పూడ్చి, గోదాం కట్టాలని నాయినా మా పెద్దన్న విఠలూ అనుకున్నారు. బడికి ముందువైపు గదులు ఎలాగూ ఉంటాయి కదా అన్నారు. నాకు మాత్రం ఆ పెరడు లేకపోతే మళ్ళీ నల్లరేగడి, ఒండ్రు, ఇసుక నేల అని పుస్తకం చదివించుకోవడమే మిగులుతుంది. పిల్లలు నీళ్ళు తాగే బావీ పోతుంది. ఇంట్లో చెప్పి చూశాను. అన్న పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే, ఖాలీ జాగకు ఏడుస్తున్నాడు మన్ను పంతులు అన్నాడు.

ఒకరోజు పొద్దున, నా తరగతి పెరట్లో నడుస్తుండగానే, అన్న ఇనుప గజం కర్రతో, నాయిన కొత్త చెప్పులతో వచ్చారు. అన్న వంగి, కర్ర బొర్లిస్తూ పొడుగూ పన్నా కొలవడం మొదలుపెట్టాడు. కొలుస్తూ కొలుస్తూ మా గోతి అంచుదాకా వచ్చి ఆగి, ఇక్కడ ఒక గజం తగ్గిందే అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు ఆ నవ్వుతో ధైర్యం వచ్చింది. ఆనాటి పాఠం మార్చేశాను. బావిలోంచి నీళ్ళు తోడించి, ఒక బిందె మెట్ల ముందున్న షాబాదు బండల మీద, ఒకటి వేపచెట్టు కింద మన్నుమీద పొయ్యమన్నాను. చెట్టు కింద పోసినవి బుసబుసమని ఇంకిపోయాయి. బండల మీద పోసినవి సరాసరి వెళ్ళి నాయిన కొత్త చెప్పులు తడిపి, పెరటి గుమ్మం దాటి గల్లీలోకి పోయాయి.

నాయిన కాలు ఎత్తి చూసుకున్నాడు. అంత మంది పిల్లల ముందు కోప్పడటం ఆయన పద్ధతి కాదు. సుగుణ బిందె కింద పెట్టి, "సేటూ, గోదాం కట్టినంక గీ నీళ్ళన్ని యాడికి పోతయనుకుంటున్నరు? వానకు గల్లీ నిండుతది, నీళ్ళు ఎనుకకు మర్లుతయి. మీ మూటల్లకే వస్తయి" అంది.

నాయినకు పిల్ల నచ్చింది. బేరం తెలిసినవాళ్ళు ఎవరైనా ఆయనకు నచ్చేవారు. ఆమెను ఎవరి బిడ్డవని అడిగి, తెలుసుకుని తలాడించి, తరువాత నావైపు తిరిగాడు. "మంచిగనే చెప్పించినవు. నీ మన్ను నీళ్ళు తాగుతది, ఒప్పుకుంట. తాగి కిరాయి ఇస్తదా?"

"బావికిస్తది నాయినా. బావి మనకిస్తది."

"బావి నెలనెల ఇస్తదా? గోదామిస్తది." అన్న కర్రకు ఆనుకుని నవ్వుతున్నాడు. నాయిన అదే ఊపులో, గిరాకీకి చెప్పినట్టే చెప్పాడు. "అంత ప్రేముంటే నువ్వే తీస్కో. ఆబిడ్స్ దుకాణంల నీ పాలు ఇడిచిపెట్టు. ఈ ఇల్లు, ఈ జాగ నీది." అని, చొక్కా చేతిమీది నూలుపోగు దులుపుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నేను తక్కువకు అడగాలి. దుకాణంలో సగం పాలు నాకుంచు, పెరడులో సగం గోదాం కట్టుకో, అని మొదలుపెట్టాలి. ఆయన ఛీ అనాలి, నేను వెళ్ళిపోబోవాలి, ఆయన వెనక్కి పిలవాలి. మధ్యాహ్నానికి ఎక్కడో ఒకచోట తేలేది. నాకు ఆ దారంతా కనిపించింది, దాని చివర ఏముందో కూడా కనిపించింది. ఆయన నాకంటే గట్టి బేరగాడు. పెరడును తానులాగా చింపి సగం నాకిచ్చేవాడు. సగం సిమెంటు చేస్తే మిగతా సగం పెరడు కాదు, కుండీ. అదీకాక, పిల్లలంతా గోతిచుట్టూ నిలబడి చూస్తున్నారు. కొనేవాళ్ళలా చూడండని చెప్పింది నేనే. నేను నోరు తెరిచి తగ్గించమంటే, మన్నుకు ఎంత తగ్గించవచ్చో అనే పాఠం కూడా ఆ రోజే అయిపోయేది.

"సరే నాయినా" అన్నాను.

ఆయన చెయ్యి చొక్కామీదే ఆగింది. "ఏంది?"

"సరే అన్న."

అన్న ముందు తేరుకున్నాడు. నాయిన ఊరికే అన్నాడనీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందామనీ అన్నాడు. పాపం, ఇద్దరికీ దారి ఇచ్చాడు. నాయిన ఆ దారిన పోలేదు. "ఊరికే అనలే" అన్నాడు. "నా నోటికెళ్ళి వచ్చిన రేటు నేనెన్నడు వాపస్ తీస్కోలే. గుడ్డకు తీస్కోలే, కొడుక్కు తీస్కుంటనా?" తడి చెప్పులతో గల్లీలోకి వెళ్ళిపోయాడు. మొదటి మాటకే ఒప్పుకుంటే అమ్మినవాడికి నిద్రపట్టదు. ఇంకా అడగవలసింది అనిపిస్తుంది, లేదా అసలు చెప్పకుండా ఉండవలసింది అనిపిస్తుంది. మా ఇళ్ళలో దానికంటే అవమానం లేదు. ఆ సంగతి తెలిసే చేశాను.

కాగితాలు రాసుకున్నాం. గోదాం వేరేచోట కిరాయికి తీసుకున్నారు. నేనూ నా భార్యా పెరడు పక్కనున్న రెండు గదుల్లోకి మారాం. పెళ్ళిచూపులనాడు మావాళ్ళు ఆమెకు చూపించింది ఆబిడ్స్ దుకాణం, దానిమీద కట్టబోయే మేడ. ఆమె ఎప్పుడూ గొడవపడలేదు. వాన కురిసినప్పుడు పెంకుల్లోంచి కారే చోట గిన్నె పెట్టి, పెరట్లోకి చూస్తూ, ఈ మన్ను నాకు సవతి అనేది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ప్రతి తరగతీ గొయ్యి తవ్వింది, పూడ్చింది. హెడ్మాస్టరు గారు వెళ్ళిపోయాక వచ్చినాయన దుమ్ము పడుతుందని బండలు పరచమన్నాడు. స్థలం నాది, చదువు మీది, బండలు మీ ఇంట్లో పరచుకోండి అన్నాను. మునిసిపాలిటీనుంచి ఒకతను వచ్చి బడి పెరట్లో గొయ్యి ప్రమాదం అన్నాడు. పారతో సహా అతన్ని గోతిలోకి దించి, పొరలు చెప్పించుకుని పంపాం.

నాయిన మాత్రం ఆ రోజు తరువాత నాతో బేరమాడలేదు. నా పిల్లలతో ఆడాడు, అన్న పిల్లలతో ఆడాడు. నేను వెళితే జామపండు తీసి, మాట లేకుండా, నా చేతిలో పెట్టేవాడు. ఒకసారి నేనే, ఎంతకిస్తవు నాయినా అని అడిగాను. ఊరికే తీస్కో అన్నాడు.

ఇక లెక్క. ఇచ్చినవాటిలో దుకాణం పాలు మొదటిది. అన్న మనవలు దానిమీద అంతస్తులు లేపారు. వాళ్ళ ఎదుగుదల చూసి నాకు అసూయ లేదని రాస్తే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. నా భార్య చూడాలనుకున్న మేడ కిటికీ రెండోది. దాని వెల కట్టడానికి నాకు హక్కు లేదు, ఆమె పోయాక అడిగే వీలూ లేదు. నాయిన బేరం మూడోది. వచ్చినవాటిలో, మన్నులో చెయ్యి పెట్టిన పిల్లలున్నారు. సుగుణ వ్యవసాయ శాఖలో చేరి, ఊరూరా తిరిగి రైతుల నేలలు పరీక్షించి వాళ్ళను తిట్టింది. కానీ ఆమె పక్కనే కూర్చుని అందరికంటే పొడుగు రిబ్బను తీసిన కుర్రవాడు ఊరి బయట పూడ్చిన చెరువుల్లో ప్లాట్లు అమ్మాడు. ప్రారంభానికి నన్ను పిలిచి దండ వేశాడు. దండతోనే నిలబడి, వచ్చినవాళ్ళకు నీళ్ళు ఎటునుంచి వస్తాయో చూపించి వచ్చాను. మళ్ళీ పిలవలేదు. ఎక్కువమంది ఈ ఇద్దరిలో ఎవరిలానూ కాలేదు, మరిచిపోయారు. పెరడు తెరిచి ఉన్నంతకాలం బావి ఎండదని ప్రతి తరగతికీ చెప్పాను. ఎండింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా సిమెంటు పోసి బోర్లు దించాక, నా ఒక్క పెరడు తాగిన వాన ఏ మూలకు చాలుతుంది? అది నేను తప్పు చెప్పిన పాఠం. బడి కూడా పెద్ద భవనం దొరికి వెళ్ళిపోయింది.

కూడి చూస్తే నష్టమే తేలుతోంది. వడ్డీ వేస్తే ఇంకా పెద్దది. అటు అంకె ఇటు జరిపి లాభం చూపించడం నాకు చేతకాక కాదు, దుకాణంలో పుట్టినవాణ్ణి. నష్టం అనే రాశాను. నిన్న పొద్దున కూడా ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడి గజం రేటు చెప్పాడు. పెద్ద రేటే. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, అమ్మనని చెప్పి పంపించాను.